నాలుగు రోజులు దించకూడని అద్దాలు

మా వైపు నల్లద్దాల కారు వస్తే లోపల ఎవరున్నారని ఎవరూ అడగరు. ఎవరో పెద్దమనిషి అనుకుని పక్కకు తప్పుకుంటారు. లోపలున్నది సిమెంటు కొట్టువాడైనా సరే. ఆ కొట్టువాణ్ణి నేనే. కర్నూలులో పాతది, తెల్లది, పెద్ద కారొకటి కొని, వారం తిరక్కముందే అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించాను. ఎండకని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం. పుట్టినప్పటి నుంచి ఈ ఎండలోనే ఉన్నాను, ఎండ నన్నేమీ చేయలేదు. ఎవరూ నన్ను చూసి పక్కకు తప్పుకోలేదన్నదే నా బాధ.

కల్లూరులో ఫిల్మ్ వేసే సాయిబు మా నాయన వయసువాడు. వేయించుకునే ముందు తెలుసుకోవలసిందంతా అడక్కుండానే చెప్పాడు. ఇట్లా నల్లది అంటించడమే రూలుకు విరుద్ధమనీ, పోలీసులు ఆపితే జరిమానా వేసి నడిరోడ్డు మీదే పీకిస్తారనీ చెప్పాడు. పీకాక జిగురు చారలు మిగులుతాయట. వెనకద్దంలో మంచు పోగొట్టే సన్నటి తీగలుంటే గీకేటప్పుడు అవి తెగిపోతాయట. పొద్దు వాలాక బండి వెనక్కి తీస్తే, ఆనుకుని నిలబడ్డ మనిషి కూడా కనబడడట.

తరవాత బల్బొకటి వెలిగించి, మామూలు అద్దంలాగే ఉన్న ఫిల్మ్ ముక్కను దాని ముందు పెట్టి, వెనక నా చెయ్యి పెట్టమన్నాడు. వేడి అంతగా తెలియలేదు. అదే చోట చౌకరకం నల్ల ముక్క పెట్టాడు. చెయ్యి చుర్రుమంది.

"చల్లదనం రంగులో ఉండదు సార్. ఎండ కోసమైతే ఇది. దీనికైనా రూలు ఒప్పుతాదో లేదో కాగితాలు చూసుకోవాల. మనుషుల కోసమైతే అది," అన్నాడు.

నేను నల్లదాని వైపు వేలు చూపించాను. ఆయన దాన్నే కొలిచి కోశాడు. నాలాంటివాళ్లను శానామందిని చూసుంటాడు. పని అయ్యాక మాత్రం, లోపలి తడి ఆరేదాకా నాలుగు రోజులు గ్లాసులు దించొద్దనీ, దించితే అంచులు లేచిపోతాయనీ చెప్పాడు. ఆయన మాటల్లో నేను పాటించింది ఇదొక్కటే. ఎందుకు పాటించానో చెబుతాను.

మూడో రోజు మా అమ్మ చనిపోయి ఏడాది. కడప వైపున్న మా ఊళ్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన అయ్యాక సమాధి మీద రాయి నిలపాలి. ఆ రాయి మా అన్న చేశాడు. ఆయన ముప్పై ఏళ్లుగా బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. ఎవరెవరి ఇళ్లకో నేలలు నునుపు చేసిన మనిషి, సొంతానికి చేసుకున్న రాయి అదొక్కటే. తానే ఏరి, పనయ్యాక మిగిలిన వేళల్లో పాలిష్ పట్టి, అమ్మ పేరు, కింద ఒక బైబిలు వాక్యం చెక్కించాడు. పొద్దున్నే బేతంచెర్ల క్రాసు దగ్గర రాయి తీసుకుని నిలబడతాననీ, కారులో ఎక్కించుకుని పొమ్మనీ ఫోను చేశాడు. లారీలో వేస్తే విరుగుతుందని ఆయన భయం. సరేనన్నాను. ఆపాలనే అనుకున్నాను కూడా.

క్రాసు దగ్గరికి వచ్చేసరికి దూరం నుంచే కనబడ్డాడు. ఒళ్లంతా బండల దుమ్ము, చొక్కా ఏ రంగో తెలియలేదు. గోనెసంచిలో చుట్టిన రాయిని మోకాలికి ఆనించుకుని నిలబడ్డాడు. నాకు అమ్మ గుర్తు రాలేదు. సీటు గుర్తొచ్చింది. ఆ దుమ్ము, ఆ రాతి అంచు, ఊళ్లో కారు దిగేటప్పుడు నా పక్కన ఆ చొక్కా. వేగం తగ్గించాను. కారు నాదేమోనని అన్న నేరుగా అద్దంలోకి చూశాడు. అందులో ఆయన మొహం తప్ప ఏం కనబడుతుంది? నల్లద్దాలు చూసి, మనవాళ్లది కాదులే అనుకున్నట్టు రాయిని రెండడుగులు వెనక్కి జరిపి, దారి ఇచ్చాడు.

సొంత అన్న నాకు పక్కకు తప్పుకున్నాడు. నేను కోరుకున్నది అదేగా.

పక్క సీట్లో నా భార్య ఉంది. ఆపవేమని అడిగింది. గ్లాసు ఇంకా దించకూడదని చెప్పాను. నా వైపు తిరిగింది.

"గ్లాసు దించొద్దన్యాడు సరే. తలుపు తీయొద్దని కూడా చెప్పినాడా?"

వెనక లారీలున్నాయి, ముందుకు పోయి తిప్పుతానన్నాను. తిప్పలేదు. మైలు దాటాక ఆమె అడగడం మానేసింది.

ఊళ్లో నా కారును చూసి అరుగు మీది ముసలాయన లేచి నిలబడ్డాడు. నేను దిగాక మళ్లీ కూర్చున్నాడు. నా పెద్దరికం అంతసేపే.

అన్న రెండు బస్సులు మారి, ఆటోలో దిగేసరికి కూడిక సగమైంది. సంచి విప్పితే రాయి రెండు ముక్కలు. బస్సులో నిలబెట్టి మోకాళ్ల మధ్య పట్టుకున్నాడట. డ్రైవరు బ్రేకు వేస్తే జారిపోయిందట. విరిగిన గీత అమ్మ పేరు మీదుగానే పోయింది. పాస్టర్ గారు ఏమీ కాదులే, సిమెంటుతో అతికిద్దామన్నారు. అన్న నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

"నీకోసం శానాసేపు చూస్తి రా. తెల్ల కారొకటి వచ్చె, నువ్వేమో అనుకుంటి. ఎవరో పెద్దోళ్లది. నువ్వయితే నిలబెడ్తావు గదా. నీకేదో పని తగిలింటాదిలే."

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. అవునన్నాను, పని తగిలిందన్నాను.

సమాధుల తోటకు పోయే దారిలో, మా ప్రార్థన గుడి గోడ పక్కన నా కారు ఉంది. అన్న ఆగాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. అద్దం మీద అరచెయ్యి పెట్టి, బండ నునుపు చూసేటప్పుడు చూసినట్టు పైనుంచి కిందికి నిమిరాడు.

"బాగా పట్టినారప్పా పాలిష్," అన్నాడు. "మన మొగమే కనబడతాంది."

నన్ను ఆయన ఏనాడూ 'రేయ్' అని తప్ప పిలవలేదు. 'అప్పా' అని పిలిచేది కొట్టుకు వచ్చే బేరగాళ్లే.

రాయిని అతికించి నిలిపాం. సిమెంటు కలిపింది నేనే, నా కొట్టులోని సిమెంటే. అమ్మ పేరు మధ్య బూడిదరంగు గీత మిగిలింది. కొత్త రాయి తెప్పిస్తానన్నాను. ఇదే ఉండనీమన్నాడు.

బుద్ధి వచ్చి నా చేతులతోనే ఆ ఫిల్మ్ పీకేశానని రాసుకోవాలని ఉంది. అట్లా జరగలేదు. రెండు నెలల తరవాత కర్నూలులో పోలీసులు ఆపి, జనం చూస్తుండగా నా చేతనే పీకించారు. సాయిబు చెప్పినట్టే జిగురు చారలు మిగిలాయి. వాటిని గీకించడానికి ఆయన దగ్గరికే పోయాను. ఆయన సబ్బునీళ్లు తెచ్చుకుని గీకడం మొదలుపెట్టాడు.

మొన్న అదే క్రాసు దగ్గర అన్న బస్సు కోసం నిలబడి కనబడ్డాడు. కారు ఆపి, దిగి, అటువైపు తిరిగి వెళ్లి తలుపు తీశాను. ఆ రోజు వచ్చిన తెల్ల కారు నాదేననీ, ఆయన్ను చూసి కూడా ఆపకుండా పోయాననీ చెప్పాను.

"తెలుసులేప్పా. గుడి కాడ అద్దం చూసిన రోజే తెలుసు," అన్నాడు.

ఎక్కాడు. ఎక్కేముందు చేతిలోని గోనెసంచిని దులిపి, సీటు మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు.