కింది షెడ్డు లెక్క

మా అమ్మని ఫారంలో అందరూ "అనుకుందాం మేడం" అంటారు. వెనకాల్నే లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? మేకల పెంపకం ఫారంలో ఆవిడ రికార్డు గుమస్తా. ఏ మేక ఏ పోతుకి పుట్టింది, రోజుకి ఎన్ని గ్లాసుల పాలిస్తోంది, ఏ పోతుని ఉంచాలి, దేన్ని అమ్మెయ్యాలి, అన్నీ ఆవిడ రిజిస్టర్లోనే ఉంటాయి. తెలియనిదేదైనా ఎదురైతే చాలు, "ఎక్స్ అనుకుందాం" అని మొదలుపెడుతుంది. ఇంట్లో ఉప్పు డబ్బా కనపడకపోయినా అంతే. ఒకసారి మా నాన్న, "అనుకోవడం ఎందుకే, కొత్తది కొనుక్కుందాం" అన్నాడు. రెండ్రోజులు అమ్మ ఆయనతో మాట్లాడలేదు.

ఆవిడకి ఇంకో గొప్ప కూడా ఉంది. ఇరవై ఏడేళ్ళలో ఆ రిజిస్టర్లో ఒక్క కొట్టివేత లేదు. తనిఖీకి ఎవరొచ్చినా ముందు ఆ మాట చెప్పి, తర్వాత కూర్చోమంటుంది.

నేను ఆవిడ రెండో కూతుర్ని. కింది షెడ్డులో పాలు పితుకుతాను. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పాను. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అమ్మ ఈ సంగతి చెప్పేది. "పెద్దది బ్యాంకు ఆఫీసరు. ఇదేమో వాళ్ళ నాన్న పోలిక" అనేది. అక్కకి మాత్రం వేరే నాన్న ఉన్నాడా ఏంటి? అడిగేద్దామని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. అక్కని ఆరేళ్ళప్పుడే చదువు కోసం మావయ్య ఇంటికి పంపారు. అక్కడ దానికో గది, బల్ల, ట్యూషను. నేను కింది షెడ్డు గోడని ఆనుకున్న క్వార్టర్సులో, డెబ్బై మేకల అరుపుల్లో, మంచం మీద పుస్తకం పెట్టుకుని చదివాను. చదివానంటే, పేజీలు తిప్పాను.

ఇక నల్లోడి సంగతి. వాడు పోతు. పుట్టిన మర్నాడే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది నేనే. ఇప్పటికీ నా చెప్పు చప్పుడు వింటే తల తడికెలో ఇరికించుకుంటాడు. తీసుకోవడం మాత్రం రాదు, నేనే తీయాలి.

ఓ శనివారం పొద్దున ఆఫీసు తలుపు మీద జాబితా అంటించారు. సోమవారం మాంసం కొట్టుకి పంపాల్సినవి. మొదటి పేరు నల్లోడిది. అమ్మ గుండ్రటి చేతిరాత. నాకు ఒళ్ళు మండిపోయింది. పాల బకెట్టు చేతిలో ఉండగానే లోపలికి వెళ్ళాను.

"వాడేం చేశాడమ్మా?"

"వాడేం చెయ్యలేదు. కూతుళ్ళు పాలు తక్కువిస్తున్నాయి" అంది, తలెత్తకుండా. "పది కూతుళ్ళకి రోజుకి ఎనభై గ్లాసులైనా రావాలి, లేకపోతే పోతుని అమ్మెయ్యాలి. అది రూలు. ఆ రెండో పోతు తెల్లోడి పదీ కలిపి తొంభై రెండు ఇస్తున్నాయి. నల్లోడి పదీ కలిపి డెబ్బై ఎనిమిది. రెండు తక్కువ."

"రెండు గ్లాసులకి వాణ్ణి చంపిస్తావా?"

"మూడైతే ఊరుకునేదానివా?"

"వాడి కూతుళ్ళలో ఎనిమిది నా షెడ్డులోనే ఉన్నాయి. పై షెడ్డులా పెంకులు కాదు, రేకుల కప్పు. మధ్యాహ్నమయ్యేసరికి తొట్టిలో నీళ్ళు వేడెక్కితే మేకలు మూతైనా పెట్టవు. ఎన్నేళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తున్నాను!"

"రిజిస్టర్లో షెడ్డుకి గడి లేదు" అంది అమ్మ.

నా నోటుబుక్కు తీసి బల్ల మీద విసిరాను. కింది షెడ్డులో ఏ మేక ఎన్ని గ్లాసులిచ్చిందో రోజూ అందులో రాసుకుంటాను. అమ్మ పేజీలు తిప్పింది. నా కూడికలు రెండుసార్లు సరిచూసింది. ఒక్కటీ తప్పు లేదు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే. లెక్కల్లో తప్పినదాన్ని."

అమ్మ పెన్సిలు తీసింది. నల్లోడి కూతుళ్ళు కింది షెడ్డులో ఎనిమిది, వాటి పాలు యాభై ఆరు గ్లాసులు. పై షెడ్డులో ఉన్నవి రెండు. "పైన ఒక్కోటీ ఇచ్చేది ఎక్స్ అనుకుందాం. యాభై ఆరు, రెండు ఎక్సులు, కలిపితే డెబ్బై ఎనిమిది. ఎక్స్ పదకొండు." తెల్లోడివి కింద రెండే, వాటి పాలు పన్నెండు. పైన ఎనిమిది. "వీటిది వై అనుకుందాం. పన్నెండు, ఎనిమిది వైలు, కలిపితే తొంభై రెండు. వై పది."

పెన్సిలు ఆగిపోయింది.

"కింద నల్లోడి కూతురు ఏడు, తెల్లోడి కూతురు ఆరు. పైన పదకొండు, పది. ఏ షెడ్డులో చూసినా నల్లోడి కూతురే ఒక గ్లాసు ఎక్కువిస్తోంది" అంది మెల్లిగా. "ఏ పోతు కూతురైనా కింద ఉంటే నాలుగు గ్లాసులు పోతున్నాయి. తక్కువ వాడిది కాదే. షెడ్డుది."

అప్పుడే ఫారం ఆఫీసరు లోపలికొచ్చాడు. అమ్మ లెక్క చూపించింది. ఆయన రెండుసార్లు చదివి, "లెక్క బాగానే ఉంది మేడం. కానీ రిజిస్టర్లో కొట్టివేత పడుతుంది" అన్నాడు, చావు కబురు చెప్పినట్టు.

"పడనివ్వండి సార్" అంది అమ్మ. స్కేలు పెట్టి, నల్లోడి పేరు ఎదురుగా ఉన్న "అమ్మివేయదగినది" మీద అడ్డంగా గీత గీసింది. పక్కన సంతకం పెట్టింది. ఆ తర్వాత పేజీ చివర కొత్త గడి గీసి, పైన "షెడ్డు" అని రాసింది. తలుపు మీది జాబితాని ఆఫీసరే చింపుకుని వెళ్ళిపోయాడు.

నేను బకెట్టు అందుకున్నాను. అమ్మ నా నోటుబుక్కు ఇవ్వలేదు. చివరి ఖాళీ పేజీ తీసి ఒకవైపు "పెద్దది", ఇంకోవైపు "చిన్నది" అని రాసింది. రెండిటి కిందా నాన్న, అమ్మ అని రాసింది. పెద్దదాని కింద మావయ్య ఇల్లు. చిన్నదాని కింద చాలాసేపు ఏమీ రాయలేదు. చివరికి "కింది షెడ్డు" అని రాసింది.

"రెండువైపులా ఒకటే ఉంటే కొట్టెయ్యాలి" అంటూ నాన్నని కొట్టేసింది. అమ్మనీ కొట్టేసింది. ఇటొకటి, అటొకటి మిగిలాయి.

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇన్నేళ్ళూ నీ లెక్క తప్పుగా కట్టానే" అంది.

నాకు కోపం రావాలి. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న కోపం. ఏడుపొచ్చింది. పాలబకెట్టు పట్టుకుని ఆఫీసు మధ్యలో నిలబడి ఏడ్చాను. ఆవిడా ఏడ్చింది.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, "దీని పక్కన కూడా సంతకం పెట్టనా?" అంది.

"పెట్టు. తారీఖు కూడా వెయ్యి" అన్నాను.

వేసింది.