ఐదో కాలు

అంగడివాళ్ల ఇంట్లో పుట్టినవాడికి ఊరికే వచ్చిన వస్తువంటే అనుమానం. సర్క్యూట్ బోర్డు మీద స్విచ్చులా పనిచేసే రిలే ఈసారి కొత్త రకం కావడంతో, దాని కాళ్లు దిగే రంధ్రాల నమూనా, అంటే ఫుట్‌ప్రింట్, నా సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఇంటర్నెట్‌లో ఎవరో గీసింది ఉచితంగా దొరికింది. ఎందుకిస్తున్నాడు? నేనైతే ఇస్తానా? దాన్ని తీసేసి సొంతంగా గీయడానికి కూర్చున్నాను.

కర్నూలులో నాది మోటారు స్టార్టర్లు బాగుచేసే చిన్న గది. ఎదురుగా స్టూలు మీద ఆలూరు నుంచి వచ్చిన ఉల్లి రైతు. ఆయన బోరు స్టార్టర్‌లో బోర్డు కాలిపోయింది. అలాంటిది ఇప్పుడు బజారులో దొరకదు. నేనే కొత్తది గీసి, సాయంత్రంలోగా తయారీకి పంపాలి. వారంలో వస్తే పంట దక్కుతుంది. తప్పు బోర్డు వస్తే ఇంకో వారం. అంతదాకా ఉల్లి ఆగదు.

"పంపితివా?"

"కొలుస్తాండా."

"పొద్దన్నుంచి కొలుస్తానే ఉండావు. అదేమన్నా బంగారమాప్పా?"

రిలేతో వచ్చిన కాగితంలోని కొలతలనూ నేను నమ్మలేదు. రిలేను వెల్లకిలా తిప్పి, కాలిపర్‌తో ఐదు కాళ్ల మధ్య దూరాలు కొలిచి, చూసింది చూసినట్టు గీశాను. అసలు సైజులో కాగితం మీద అచ్చు తీసి రిలే గుచ్చాను. నాలుగు కాళ్లు దిగాయి. పక్కకు జరిగి ఉండే ఐదోది దిగలేదు.

మొదట ప్రింటరును అనుమానించాను. స్కేలు పెడితే గీతలు సరిగ్గానే ఉన్నాయి. తర్వాత రిలే అమ్మినవాణ్ణి. ఇంకో రిలే తీసినా అదే తంతు. ఇక మిగిలింది రైతు. నేను టీకి వెళ్లినప్పుడు ఏమైనా కదిపాడా?

"నువ్వేమన్నా ముట్టుకుంటివా, పెద్దాయనా?"

"నాకేం పనప్పా? యాడ, ఇట్లియ్యి." కాగితం లాక్కుని, తిరగేసి, వెనకనుంచి గుచ్చాడు. ఐదూ దిగాయి. "సరిపాయ కదా! ఇంగ ఏంటికి ఆ మొగం?"

సరిపోవడమే ఏడుపు. మా బట్టల అంగడికి నేతవాళ్లు చీర తెస్తే, మా నాయన ముందు దాన్ని తిరగేసేవాడు. పోగు తెగినా ముడిపడినా వెనకవైపే బయటపడుతుంది. ఆ అలవాటుకొద్దీ రిలేను కూడా వెనకనుంచి చూసి గీశాను. బోర్డునేమో పైనుంచి చూసినట్టు గీయాలి; అడుగునుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఊళ్లో అందరినీ అనుమానించి, నా కంటిని మాత్రం బేరమాడకుండా ఒప్పుకున్నాను. రిలేను బోర్డు అడుగున బిగిస్తే పోదా అని ఒక నిమిషం నాతో నేనే బేరానికి దిగాను. అప్పుడు స్టార్టర్ పెట్టె మూత పడదు.

కుడి ఎడమలు మార్చి మళ్లీ అచ్చు తీశాను. రిలే అందుకోబోతే ఆయన నా చెయ్యి పక్కకు నెట్టాడు.

"నువ్వు జరుగు. నేను గుచ్చుతా."

ఈసారి పైనుంచే. ఐదూ దిగాయి. పీకి మళ్లీ గుచ్చాడు. రెండో రిలేతోనూ చూశాడు. నేను బోర్డు ఫైలు పంపి, అందినట్టు జవాబు వచ్చేదాకా ఆయన స్టూలు దిగలేదు.

బోర్డు వచ్చాక ఆయనే వచ్చి పట్టుకెళ్లాడు. మర్నాడు ఫోన్ మోగితే, ఏం కాలిందోనని భయపడుతూ ఎత్తాను. అవతల నీళ్ల చప్పుడు.

"మడికి పారతాండాయి" అన్నాడు. నేను నవ్వాను. "ఆపితే మోటరు నిలబడేది గూడా సూసి చెప్తా. అప్పుడే నగొద్దు."