బూడిద తుడిచే ఊరు

మే పద్నాలుగు, ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలు. ఇటలీ దక్షిణాన ఒక అగ్నిపర్వత ద్వీపపు రేవులో పడవ దిగగానే గంధకం వాసన ముక్కుకు తగిలింది. తోటి ప్రయాణికులు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం అది విశాఖపట్నం పోర్టు రోడ్డు వాసన. లారీల మీదనుంచి రాలిన పసుపుపచ్చని గంధకం పలుకులను ఏరుకుని పుస్తకాల సంచిలో దాచుకున్న రోజుల వాసన. లోహశాస్త్ర సదస్సుకు వచ్చిన నేను, మిగిలిన ఒక్క రోజునూ ఈ చిన్న ఊరికి కేటాయించడానికి కారణం ఆ రోజులే.

మా వీధి పోర్టు గోడను ఆనుకుని ఉండేది. ఎండాకాలం బొగ్గు పొడి, వానాకాలం బొగ్గు బురద. తెల్లవారేసరికి ఆడవాళ్ళు గుమ్మాల మీది నల్లపొడిని ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టేవారు; మధ్యాహ్నానికి ఆ ముగ్గు మళ్ళీ నల్లబడేది. ఎలమంచిలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా నాన్న గాజువాక దగ్గరి ఉక్కు కర్మాగారంలో స్లాగు, అంటే ఇనుము కరిగాక మిగిలే చిట్టెం, ఎత్తిపోసే కూలి.

ఎదురింటి సత్యం బాబాయి సరుకు ఓడలో వంటవాడు. ఏడాదికొకసారి ఆయన ఇల్లు చేరిన సాయంత్రం, ఓడలో ఆయన కలవరించిన వంటకాలు ఇంటికొకటి చొప్పున వెళ్ళాలన్నది మా వీధి ఆనవాయితీ. చోడి అంబలి అనే రాగిజావ, కవ్వళ్ళ చేపల పులుసు, ఎండు నెత్తళ్ళ వేపుడు. గిన్నె ఖాళీ చేసి, అది తెచ్చిన ఇంటివారికి ఆయన తాను చూసిన ఒక ఊరు చెప్పేవాడు. కూతురు అప్పలకొండ, నా ఈడుదే, తండ్రి మోకాలి మీద చెయ్యి వేసుకుని వినేది. ఆ చెయ్యిని చూసి నేను అసూయపడేదాన్ని. మా నాన్న లుంగీ మడతల్లో మసి వచ్చేది. ఆమె తండ్రి నోట ఊళ్ళు వచ్చేవి.

నా పదకొండో ఏట, మా ఇంటి అంబలి తాగి ఆయన చెప్పిన ఊరు ఇది.

“ఇంజన్ సెడిపోయి ఓడ ఆగింది. కూరలు కొందారని పడవలో దిగినాను. తెల్లగోడలు, నీలం తలుపులు, ఇంటింటికీ నిమ్మసెట్టు. ఎనకాల కొండ పొగలు కక్కుతాది. ఆ బూడిదంతా మెట్లమీద పడితే, పొద్దున్నే ఆడోళ్ళు సీపురట్టుకొని తుడుసుకుంటారు. అచ్చం మన ఈధే.”

తరువాత పెట్టెలోంచి చిల్లులు చిల్లులుగా ఉన్న బూడిదరంగు రాయి తీసి, నీటిమీద తేలుతుందని చెప్పి, కూతురి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చెంపకు ఆనించుకుంది. నేను ఓర్వలేకపోయాను.

“అది స్లాగు. మా నాన్న పనిసేసేకాడ గుట్టలున్నాయి,” అన్నాను.

అందరూ మా నాన్న వైపు చూశారు. అంతవరకు ఆ కూడికలో ఎవరూ ఆయనను ఏ మాటా అడిగి ఎరుగరు. నాన్న రాయిని అందుకుని అటూ ఇటూ తిప్పి, “అలాగే ఉంది తమ్ముడూ,” అన్నాడు మెల్లగా.

“ఏటి సత్యం, గాజువాక లారీ ఎక్కి ఎల్లొచ్చినావేటి ఇటలీ?” అన్నారెవరో. వీధి అంతా నవ్వింది. అప్పలకొండ రాయిని తేల్చి చూపడానికి బకెట్టు కోసం లేచింది. బాబాయి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

“ఒగ్గేయమ్మా. నమ్మనోళ్ళకి బకెట్టెందుకు?”

ద్వీపంలో రేవు దాటి మొదటి సందు తిరగగానే, నీలం తలుపు ముందు ఒక ముసలావిడ చీపురుతో మెట్లమీది నల్లని బూడిదను ఊడుస్తూ కనిపించింది. ఊడ్చి, నీళ్ళు చల్లింది. తెల్లగోడలు, నిమ్మచెట్లు, కొండ మీది పొగ, అన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. చదువు, ఉద్యోగం, వీసా, ఇన్ని మెట్లెక్కి వచ్చిన నాకు, కూరల కోసం దిగిన మనిషి చూడనిది ఒక్కటీ అక్కడ మిగలలేదు. ఈ వయసులోనూ నాకు కలిగింది అసూయే. ఒక దుకాణంలో కాళ్ళు రుద్దుకోవడానికి అమ్మే అటువంటి రాయినే కొన్నాను.

అప్పలకొండ ఇప్పుడు విశాఖలోనే, మధురవాడలో ఒక అపార్టుమెంటులో ఉంటున్నది. బాబాయి పోయి చాలా కాలమైంది. తిరిగొచ్చాక రాయి ఆమె చేతికిస్తే, స్నానాలగదిలోకి నడిచి బకెట్టు నింపింది. రాయి తేలింది. ఇద్దరం వంగి చూశాము.

“అప్పటి బాబాయి రాయి ఏమైంది?” అని అడిగాను.

“మర్నాడే నాన్న సముద్రంలో ఇసిరేసినాడు. తేల్తా తేల్తా ఎల్లిపోనాది. నాను సూసినాను.”

“నాకు చెప్పలేదేం?”

“నువ్వడగనేదు కదే పైడీ,” అంటూ వేలితో రాయిని నీళ్ళలోకి నొక్కి వదిలింది. అది మళ్ళీ పైకి వచ్చింది.

మా వీధి ఉన్నచోట ఇప్పుడు కంటైనర్లు పేర్చి ఉన్నాయి. ఆ సాయంత్రం తరువాత కూడా సత్యం బాబాయి ఎన్నో ఏళ్ళు ఓడలెక్కాడు. వచ్చినప్పుడల్లా ఇంటింటి గిన్నె ఖాళీ చేసి, “బాగుందమ్మా,” అనేవాడు. మరొక్క ఊరూ చెప్పలేదు.