కొస కొమ్మ, మొదలు కట్టె

సూరత్‌లో లాక్‌డౌన్ పెట్టి మరమగ్గాలు ఆపేశాక మా ఆయన చేతులకు పని లేకుండా పోయింది. మగ్గం మనిషి ఇంట్లో కూర్చుంటే ఆడదానికి రెట్టింపు చాకిరీ. వంటగది సర్దుతానని ఉప్పు డబ్బాలో చక్కెర పోశాడు.

అప్పుడే ఇంటి ఓనరు, గోడ పగులుతోందని వాకిట్లో మునగచెట్టు కొట్టేస్తానన్నాడు. కూరగాయల బండి రాని ఆ రోజుల్లో మా వరస గదులన్నింటికీ పప్పులోకి ఆకిచ్చింది ఆ చెట్టే. నాకు ఏడుపొచ్చింది. దాని పిల్ల ఒక్కటైనా మిగలాలని పట్టుబట్టాను.

ఇద్దరం చెరో కొమ్మ కోశాం. ఆయన కొస నుంచి లేత పచ్చటిది, నేను మొదట్లోంచి మణికట్టంత ముదురు కట్టె.

"కొసకున్న మొగ్గలే జల్ది ఆకేస్తయ్. నువ్వు తెచ్చింది పొయ్యిల కట్టె," అన్నాడు.

"చూద్దాం. ఎవరిది చస్తే వాళ్లు మగ్గాలు తెరిచేదాంక గిన్నెలు తోమాలె," అన్నాను.

నూనె డబ్బాల్లో మట్టి నింపి నాటాం. చెట్టు పోయింది. ఇక ఆ రెండు పుల్లలే దిక్కు.

ఆయన కొమ్మే ముందు ఆకేసింది. మాస్కు కట్టుకుని, పెళ్లికి పిలిచినట్టు గది గదికీ చెప్పొచ్చాడు. నా కట్టె బోడిగా నిలబడింది.

"నీదానికి బట్టతల గదనే. జర నూనె రాయి."

పళ్లు నూరుకున్నాను గానీ లోపల భయమే.

ఎండలు ముదిరేసరికి ఆయన కొమ్మ ఆకులు వేలాడాయి. ఆకు అంటే చెట్టుకు వంటగదే కదా, ఎండతో తిండి వండుకుంటుంది. నీళ్లు మోసుకొచ్చేవి మాత్రం కింది వేర్లు. వేర్లు రాకముందే ఆకేసిన ఆ కొమ్మ, బిందె లేని ఇంట్లో పొయ్యి వెలిగించింది. సన్న కొమ్మలో దాచుకున్న బలం ఎంతని? ఒక పొద్దున చూద్దును కదా, ఆయన డబ్బా ముందు కూర్చుని దాన్ని మెల్లగా లాగుతున్నాడు.

"ఏం జేస్తున్నవయ్యా?"

"వేరు పట్టిందా లేదా అని చూస్తున్న. రోజూ చూస్త."

మగ్గం మీద పోగు తెగితే ముడేసి, లాగి చూసి గానీ వదలరు. ఆ అలవాటుతో పుట్టే వేర్లను పుట్టినట్టే తెంపుతున్నాడు! నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను.

"నాదాన్ని ముట్టినవో, చూస్కో!"

ఆయనది నల్లబడి ఎండిపోయింది. నా కట్టెకు మాత్రం, అందరూ ఆశ వదిలేశాక, బెరడు చీల్చుకుని ఆకుపచ్చ మొగ్గ వచ్చింది. తర్వాత వేసిన ఆకులు మిట్టమధ్యాహ్నం కూడా వాడలేదు. పక్కగదుల వాళ్లంతా వచ్చి చూశారు. ఆయన గడప దాటలేదు.

ఆ సాయంత్రం నేను బట్టలు ఆరేస్తుంటే, వచ్చి నా కట్టె పట్టుకుని గట్టిగా లాగాడు. నా ప్రాణం పోయినంత పనైంది. డబ్బా ఒక పక్కకు లేచింది గానీ కట్టె కదల్లేదు.

"గట్టిగనే పట్టింది," అన్నాడు తలూపుతూ.

లుంగీ ఎగ్గట్టి, నేను అడక్కుండానే పోయి అంట్ల ముందు కూర్చున్నాడు. పొద్దున మాడిన పప్పు గిన్నె ఒకటి ఉండాలి, వెతికి తెచ్చి ముందు పెట్టాను.