కాఫీ పొట్టు

“సెయ్యి తియ్యమ్మీ! అది మల్లెపాదుకి ఎరువు.”

“ఎరువు కాదు అమ్మా, కాఫీ పొట్టు. మా యెమెన్‌లో అల్లం వేసి కాచి తాగుతాం. ఒక్క గుప్పెడు ఇవ్వండి.”

“సెత్త ఎవలైనా తాగుతారేటి? అంతగా తాగాలంటే మీ ఊరెళ్ళి తాగు!”

కోరాపుట్ స్టేషన్‌లో రాయగడ బండి కోసం కూర్చున్నప్పటి మాట ఇది. కాఫీ తోటవాళ్ళు పారబోసే పొట్టు వృథాగా పోవడం ఎందుకని సంచికెత్తుకుని వస్తున్నాను. నా సంచిలోంచి గుప్పెడు తీసిన, నల్ల బురఖాలో ఉన్న ఆ పిల్ల విశాఖలో చదువుకుంటూ తెలుగు నేర్చుకుందట.

“మా ఊళ్లో యుద్ధం. ఇల్లు కూలిపోయింది. అమ్మ ఈజిప్టులో తలదాచుకుంది. ఇక్కడ నా వీసా వచ్చే నెల వరకే. ఏ ఊరెళ్ళమంటారమ్మా?” అంది మెల్లగా.

నాకు తప్పయిందనడం అలవాటు లేదు. ఆమె గుప్పిట విప్పి, రవ్వంత కూడా కింద పడకుండా పొట్టును తిరిగి సంచిలో పోసేసింది. ఖాళీ అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కాస్త తీసి ఇద్దామనుకునేలోపే బండి వచ్చింది. ఆమె వేరే పెట్టె ఎక్కేసింది.

మరునాడు ఉదయం గుప్పెడు పొట్టు కడిగి, అల్లం దంచి వేసి కాచాను. బాగానే ఉంది. ఆ మాట చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.