గుండుసూది తీయని పేజీ

పాత నివేదికల కట్ట విప్పుతుంటే తుప్పు పట్టిన గుండుసూది వేలికి గుచ్చుకుంది. చెమ్మగిల్లిన కాగితం వాసనతో పాటు సుగుణ ఆంటీ గుర్తుకొచ్చారు. ఆవిడ గురించి ముందు రూఢిగా తెలిసినదే చెబుతాను. ఫిల్మ్‌నగర్‌లో మా పక్క వాటాలో ఉండేవారు. సినిమాల్లో కంటిన్యుటీ చూసేవారు. అంటే ప్రతి సీనులో ఎవరు ఏం తొడిగారు, ఏ వస్తువు ఎక్కడుంది అన్నది ఫోటో తీసి, నోటుబుక్కులో రాసుకునే పని. మారుపేరుతో అపరాధ పరిశోధన కథలు రాశారని కాలనీలో అనుకునేవారు. నేను వెతికాను, ఆధారం దొరకలేదు.

రాశారో లేదో గానీ, నా చేత చదివించారన్నది నిజం. ఆవిడ అలమరలో పది పన్నెండు పేజీల డిటెక్టివ్ కథల పుస్తకాలుండేవి. కథ చివరి పేజీని దాని ముందు పేజీతో కలిపి గుండుసూది గుచ్చి ఇచ్చేవారు. "దొంగెవరో, ఏ వాక్యం చూసి చెబుతున్నావో రాసుకురా. అప్పుడు తీస్తాను," అనేవారు. పదకొండేళ్ల నాకు ఇంట్లో ఏ విషయంలోనూ మాట చెల్లేది కాదు. ఆ కథల్లో మాత్రం పెద్దవాళ్లకు తెలిసిన ఆధారాలే నాకూ తెలిసేవి; అన్నం ఉడికేలోపు నేరం తేలిపోయేది. వరుసగా తొమ్మిది కథల్లో దొంగను పట్టాను. ఆ గర్వమే ప్రమాదం తెచ్చింది.

ఆ వేసవి సెలవుల్లో ఆవిడ వెంట జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాకు షూటింగ్ చూడటానికి వెళ్లాను. భోజనాల వేళకు బల్ల మీది వాచీ కనిపించలేదు. హీరో పాత్ర కోసం బంగళా యజమానిని అడిగి తీసుకున్న వాచీ అది. షూటింగ్ మేనేజరు అందరినీ వరండాలో నిలబెట్టాడు. ఆంటీ కెమెరాలో ఫోటోలు చూస్తున్న నాకు కథ దొరికిపోయింది.

"పద్నాలుగో సీనప్పుడు వాచీ ఉంది. పదిహేనుకు లేదు. పదిహేనప్పుడు బల్ల పక్కన యాదయ్య మామ ఉండె," అన్నాను.

యాదయ్య మామ యూసుఫ్‌గూడ నుంచి వచ్చే కాస్ట్యూమ్ మనిషి. ఆ ఉదయమే నా గౌనుకు ఊడిన గుండీ కుట్టిపెట్టాడు.

"పిల్లకున్న తెలివి మీకెవరికీ లేదు," అన్నాడు మేనేజరు. "యాదయ్యా, రేపట్నుంచి రాకు. యూనియన్‌కు కూడా చెబుతా."

"నేనెందుకు తీస్త సార్? జర మంచిగ చూడు బిడ్డా."

నేను చూడలేదు. ఆయన టిఫిన్ డబ్బా తీసుకుని గేటు వైపు నడిచాడు.

ఆంటీ నోటుబుక్కు నా ముందు తెరిచారు. "కథ వరసలో తీస్తారటే సినిమా? పదిహేను ఎప్పుడు తీశారో చదువు."

పదిహేనో సీను ఉదయం తొమ్మిదింటికి. పద్నాలుగు, పదకొండింటికి. వాచీ లేని ఫోటోయే ముందు తీసింది. అప్పటికి దాన్ని దాని పెట్టెలోంచి బయటికే తీయలేదని పక్కనే రాసి ఉంది. 

"ఎంతమంది ముందు అన్నావో అంతమంది ముందూ చెప్పు. ముందు ఆయన్ని పిలువు. గేటు దాటాడంటే ఇక దొంగే."

పరుగెత్తాను. గేటు దగ్గర చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఏంది బిడ్డా, దొంగ దొరికిండా?"

"లేదు మామా. నేనే తప్పు చదివిన."

వరండాలో అందరి ముందు అదే చెప్పాను. "డిటెక్టివ్ గారూ, రేపట్నుంచి ఇంట్లోనే ఉండండి," అని మేనేజరు మొహం చిట్లించాడు గానీ, యాదయ్య మామను పనిలోంచి తీయలేదు.

ఇప్పుడు ఒక ప్రయోగశాలలో పరీక్షల ఫలితాలు సరిచూడటం నా ఉద్యోగం. ఏ నివేదిక వచ్చినా, ఏం చూశారన్నదాని కంటే ముందు ఎప్పుడు చూశారని అడుగుతాను. వాచీ ఎవరు తీశారో మాత్రం నేటికీ తెలియదు. పద్నాలుగో సీను అయ్యాక ఆ బల్లను ఎవరూ ఫోటో తీయలేదు. యాదయ్య మామ తీయలేదని నా మనసు అంటుంది. కానీ తీశాడని ఆ రోజు అన్నదీ ఈ మనసే. అందుకే ఆ పేజీకి గుండుసూది అలాగే ఉంచాను.