పొగ అని రాసి ఉన్న చోట

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మోరిస్‌విల్‌లో కారెక్కాం, నేనూ నా ప్రాజెక్ట్ పార్ట్‌నర్ నిఖిల్. వాడు ఇక్కడే, అమెరికాలోనే పుట్టాడు; తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. సివిల్ వార్‌లో నౌకాదళం దాడి చేసిన ఒక ఇసుక కోటను కంప్యూటర్‌లో మళ్లీ కట్టడం మా ప్రాజెక్ట్. అప్పటి పత్రికలో అచ్చయిన బొమ్మ చూసి కట్టేశాం. ప్రొఫెసర్ ఒప్పుకోలేదు. అచ్చు కోసం ఆ బొమ్మను చెక్క మీద చెక్కినవాడు కోటను చూడనే లేదట. ఓడ మీదున్న చిత్రకారుడు గీసిన అసలు స్కెచ్ చూసి సరిచేసి సోమవారానికి ఇవ్వాలి, లేదంటే ఫెయిల్. కోటలో చాలా భాగాన్ని సముద్రం తినేసింది కాబట్టి వెళ్లి కొలిచే వీలూ లేదు. స్కెచ్ విల్మింగ్టన్ దగ్గర ఓ చిన్న మ్యూజియంలో ఉంది.

దారిలో గ్యాస్ స్టేషన్ కాఫీ, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర. పదిన్నరకు చేరాం. వెళ్లేవాళ్లకు చెబుతున్నా, ఆదివారం ఒంటిగంటకు గానీ తెరవరు.

"టైమింగ్స్ చూడలేదా?" అని నిఖిల్ మీద అరిచాను.

"ఫోన్ ఎప్పుడూ నీ చేతిలోనే ఉంటది కదా, అక్కా!"

ఒంటిగంటకు లోపలికెళ్తే, స్కెచ్ అరచేయంతే ఉంది. ఫోన్ తీయగానే గార్డు అడ్డొచ్చాడు. "ఫొటోలు తీయకూడదు. బొమ్మ ఇచ్చినవాళ్ల షరతు."

"ఫ్లాష్ లేకుండా తీస్తే ఏం పోతుంది?" గొంతు లేచింది. నిఖిల్ నా చేయి లాగాడు. గార్డు మాత్రం జేబులోంచి పెన్సిల్ తీసి ఇచ్చాడు. "గీసుకోవచ్చు."

నాకు గీయడం రాదు. అయినా మొదలుపెట్టాను.

"ఇది ఫోర్టా, ఇడ్లీ ప్లేటా?" అన్నాడు నిఖిల్.

ఒళ్లు మండింది. మళ్లీ స్కెచ్ వైపు చూస్తే, చిత్రకారుడిది కూడా సగమే బొమ్మ, మిగతాది రాత. 'ఇసుక', 'గడ్డి', 'మనిషికి రెండింతలు'. ఎక్కడో కూర్చుని చెక్కేవాడి కోసం రాసినవి. అన్నీ తెలుగులో రాసుకున్నాను. ఉత్తరం మూల మాత్రం 'పొగ, కనబడలేదు'. పత్రికలో సరిగ్గా ఆ మూలనే జెండా, వరసగా ఫిరంగులు. మా మోడల్‌లోనూ అంతే.

తిరిగొస్తూ హైవే పక్కన రెస్ట్ ఏరియాలో ఆగాం. నేను చదువుతుంటే వాడు ల్యాప్‌టాప్‌లో కోట ఇసుక దిబ్బలు సరిచేశాడు.

"ఈ కార్నర్‌లో ఏం రాశావ్?"

"పొగ."

"దాని వెనకాల?"

"కనబడలేదంట."

"ఎంప్టీగా ఇస్తే మార్క్స్ పోతాయ్. గన్స్ ఉంచేద్దాం. ఎవరికి తెలుస్తది?"

"ఓడ మీదున్నోడే చూళ్లేదురా! నువ్వెక్కడ చూశావ్?"

వాడు ఫిరంగులు ఒక్కొక్కటే తీసేశాడు, చివర్లో జెండా. ఆ మూల బూడిద రంగు పొగ నింపి, "పంపించనా?" అన్నాడు. పంపించమన్నాను.

చీకటి పడేసరికి మోరిస్‌విల్ వచ్చేసింది. కోట కోసం అంత దూరం వెళ్లి, కట్టుకున్న దాంట్లో ఒక మూల పోగొట్టుకుని ఇల్లు చేరాం.